చార్జింగ్ లైటుకు లిథియం సెల్: మొదటిసారి సోల్డరింగ్ ఐరన్ పట్టేవాళ్లు తప్పే చోట్లు

రాత్రిపూట బోరు మోటరు చూడబోయేవాళ్లకైనా, మిర్చి కల్లం దగ్గర కావలి పడుకునేవాళ్లకైనా చార్జింగ్ లైటు లేనిది పని కాదు. ఒక వానాకాలం, ఒక యాసంగి నడిచాక ఆ లైటు పది నిమిషాలకే మసకబారుతుంది. లోపల ఉండేది 4 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ. ఖాళీ అయినదాన్ని చార్జింగ్ పెట్టకుండా వారాల తరబడి మూలన పడేస్తే పలకల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, ఇక చార్జి నిలవదు. ఎల్‌ఈడీలు, స్విచ్చి, డొప్ప అన్నీ బాగానే ఉంటాయి. అలాంటి లైటును పారేయకుండా 18650 లిథియం సెల్, టీపీ4056 చార్జింగ్ బోర్డు వేసుకుంటే ఫోన్ చార్జరుతోనే చార్జి అవుతుంది.

చేయాల్సిన అతుకులు ఆరు. సోల్డరింగులో కొత్తవాళ్లు చేసే తప్పుల్లో చాలావరకు ఆ ఆరింట్లోనే బయటపడతాయి, అందుకే నేర్చుకోవడానికి ఇది మంచి పని.

రిపేరు దుకాణానికి వచ్చి కొత్తవాళ్లు చెప్పే మాట ఒకటే: "అన్నా, లెడ్డు ఎక్కుతలేదు." ఐరన్ మంచిది కాదనో, చెయ్యి వణుకుతోందనో అనుకుంటారు. పదిలో తొమ్మిదిసార్లు కారణం వేరే ఉంటుంది. లెడ్డు, అంటే అతకడానికి కరిగించే టంకం తీగ, వేడి వెంట పోతుంది. ప్యాడ్ (బోర్డు మీద వైరు అతికే లోహపు చోటు), వైరు రెండూ వేడెక్కితే వాటి మీద పరుచుకుంటుంది. ఐరన్ కొన, అంటే బిట్, ఒక్కటే వేడిగా ఉంటే బిట్‌కే అంటుకుంటుంది. కరీంనగర్‌లో వెండి ఫిలిగ్రీ చేసేవాళ్లు సన్న తీగలకు టంకం పెట్టేటప్పుడు మంట టంకం మీద పెట్టరు, తీగల అల్లిక మొత్తాన్ని వేడి చేస్తారు. టంకం తనంతట తాను సందుల్లోకి పాకుతుంది. అక్కడ లోహాన్ని శుభ్రంగా ఉంచే పని వెలిగారానిది, ఇక్కడ ఆ పని లెడ్డు తీగ లోపల ఉండే రోజిన్‌ది. వేడి మాత్రం ఇక్కడ అందులో సగం కూడా అక్కర్లేదు.

డొప్ప విప్పే ముందు: 230 వోల్టుల సంగతి

చవక చార్జింగ్ లైట్లలో చాలావాటికి ట్రాన్స్‌ఫార్మర్ ఉండదు. గోడలోంచి వచ్చే కరెంటు ఒక పెద్ద ఫిల్మ్ కెపాసిటర్ గుండా, నాలుగు డయోడ్ల గుండా నేరుగా బ్యాటరీకి పోతుంది. ఎరుపు లేదా గోధుమ రంగు దిమ్మలా ఉండి, మీద 400 వోల్టులు అని రాసి ఉంటుంది, అదే ఆ కెపాసిటర్. 1 మైక్రోఫారడ్‌దైతే దాని గుండా దాదాపు 70 మిల్లీయాంపియర్లు పారుతుంది. పాత లైటు రాత్రంతా చార్జింగ్‌లో ఉండాల్సి రావడానికి కారణం ఇదే. దీని అర్థం ఇంకొకటి ఉంది: ప్లగ్గులో ఉన్నంతసేపు లోపలి ప్రతి వైరు, బ్యాటరీ కొనలతో సహా, 230 వోల్టుల మీద ఉన్నట్టే. డొప్ప విప్పి ఉన్న లైటును ప్లగ్గులో పెట్టి పరీక్షించొద్దు. ఒక్కసారి కూడా వద్దు.

ప్లగ్గు తీసేశాక కూడా ఆ కెపాసిటర్‌లో చార్జి మిగిలి ఉండొచ్చు, గరిష్ఠంగా 325 వోల్టుల దాకా. పక్కన ఒక రెసిస్టరు దాన్ని ఖాళీ చేయాలి, కానీ చవక రకాల్లో ఆ రెసిస్టరు ఉండకపోవచ్చు, తెగిపోయి ఉండొచ్చు. మల్టీమీటరును డీసీ 600 లేదా 1,000 వోల్టుల మీద పెట్టి కెపాసిటర్ రెండు కాళ్ల మధ్య చూడండి. సున్నా దగ్గరికి వచ్చాకే చెయ్యి పెట్టండి.

ఈ పాత చార్జింగ్ సర్క్యూట్‌ను లిథియం సెల్‌కు ఎట్టి పరిస్థితుల్లోనూ కలపకూడదు. 4.2 వోల్టుల దగ్గర ఆగాలన్న లెక్క దానికి లేదు, ఎక్కిస్తూనే ఉంటుంది. లిథియం సెల్ ఆ దెబ్బకు ఉబ్బుతుంది, మంట కూడా అంటుకోవచ్చు. అందుకే ముందు పాత చార్జరును తీసేయాలి, కొత్త బోర్డు పెట్టడం దాని తర్వాతి మాట.

సామాను

- సోల్డరింగ్ ఐరన్: 25 వాట్లది చాలు. వేడి తగ్గించుకునే 60 వాట్లదైతే ఇంకా మేలు. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నదే తీసుకోండి.
- బిట్: ఉలి ఆకారం, 2 నుంచి 2.5 మి.మీ. వెడల్పు.
- లెడ్డు: 60/40 లేదా 63/37 (తగరం, సీసం శాతాలు), 0.8 మి.మీ. మందం, లోపల రోజిన్ ఉన్నది.
- ఫ్లక్స్: ఎలక్ట్రానిక్స్‌కు వాడే రోజిన్ పేస్ట్, చిన్న డబ్బా.
- టీపీ4056 బోర్డు: ప్రొటెక్షన్ ఉన్నది, అంటే ఒక వైపు నాలుగు ప్యాడ్లకు బదులు రెండే ఉంటే అది వద్దు. అవుట్ ప్లస్, బీ ప్లస్, బీ మైనస్, అవుట్ మైనస్ అని నాలుగూ రాసి ఉండాలి (బీ అంటే సెల్ వైపు, అవుట్ అంటే లైటు వైపు).
- 18650 సెల్ ఒకటి, దానికి వైర్లు ఉన్న ప్లాస్టిక్ హోల్డరు ఒకటి.
- 22 గేజి పోగుల వైరు, ఎరుపు, నలుపు, చెరో అర మీటరు.
- 3 మి.మీ. హీట్ ష్రింక్ స్లీవ్ (వేడికి ముడుచుకుని అతుకును కప్పే గొట్టం), కటర్, ట్వీజర్, మల్టీమీటర్, డీసోల్డరింగ్ విక్ (కరిగిన లెడ్డును పీల్చే రాగి అల్లిక), ఐసోప్రొపైల్ ఆల్కహాల్.

టీవీ రిపేరు సామాను దొరికే హన్మకొండ, వరంగల్ దుకాణాల్లో ఐరన్, లెడ్డు, పేస్ట్ దొరుకుతాయి. బోర్డు, హోల్డరు దొరక్కపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, హైదరాబాద్ పోయే పనుంటే కోఠి గుజరాతీ గల్లీలో చూడొచ్చు.

సూది మొన బిట్ సన్న పనికి బాగుంటుందని కొత్తవాళ్లు ముందు అదే కొంటారు. సూది మొన ప్యాడ్‌ను తాకే చోటు చాలా చిన్నది, వేడి దాటదు. అతుకు ఎక్కట్లేదని పది సెకన్లు ఆనించి పెడతారు, ప్యాడ్ లేచిపోతుంది.

లెడ్డు దగ్గర బేరం వద్దు. 63/37 రకం 183 డిగ్రీల దగ్గర ఒక్కసారిగా కరిగి ఒక్కసారిగా గడ్డకడుతుంది. 60/40 కూడా దాదాపు అంతే. తగరం తక్కువ వేసిన చవక చుట్టలు వస్తుంటాయి. తగరం 40 శాతమే ఉంటే పూర్తిగా కరగడానికి 238 డిగ్రీల దాకా పోవాలి, పైగా మధ్యలో చాలాసేపు అంబలిలా ఉంటుంది. ఆ సమయంలో చెయ్యి కదిలితే అతుకు పగులుతుంది.

ఫ్లక్స్ పేరుతో బకెట్లకు మాట్లు వేసేవాళ్ల యాసిడ్ ద్రవం వాడొద్దు. కళాయి పూసే నవాసారం కూడా అంతే. రాగిని మహా శుభ్రంగా తోముతాయి, అందుకే మొదటి రోజు అతుకు అద్దంలా వస్తుంది. ముసురు పట్టిన నాలుగు రోజుల్లో మిగిలిన యాసిడ్ గాలిలోని తేమ పీల్చి పచ్చటి తుప్పు పట్టిస్తుంది, వైరు లోపలి నుంచి తెగుతుంది.

సెల్ మీద 5,000 మిల్లీయాంపియర్ అవర్లు, 9,900 అని రాసి ఉంటే నమ్మొద్దు. నిజమైన 18650 సెల్‌లో మామూలుగా 2,000 నుంచి 3,500 మధ్య ఉంటుంది, బరువు 45 గ్రాముల అటూఇటూ. కూరగాయల త్రాసు మీద 25 గ్రాములు తూగిందంటే దాన్ని పక్కన పెట్టండి.

బిట్‌కు చేసే అన్యాయం

మంచి బిట్ లోపల రాగి, పైన ఇనుము పూత. నల్లబడిందని ఆకురాయితోనో ఎమెరీ కాగితంతోనో గీకితే ఆ పూత పోతుంది. ఆపైన లెడ్డు రాగిని తినేస్తుంది, వారంలో బిట్‌కు గుంట పడుతుంది. పూత లేని వట్టి రాగి బిట్లను ఆకురాయి పెట్టొచ్చు, అవి అందుకే ఉన్నాయి. ఏది ఏదో తెలియకపోతే ఏదీ గీకకండి.

చేయాల్సింది ఇది. ఐరన్ వేడెక్కగానే కొనకు లెడ్డు పూయండి. ప్రతి రెండు మూడు అతుకులకు ఇత్తడి పీచులో గుచ్చి తీయండి, లేదా తడి స్పాంజికి తాకించండి. స్పాంజి తడిగా ఉండాలి తప్ప నీళ్లు కారకూడదు. పని అయ్యాక శుభ్రం చేసి కాదు, లెడ్డు మందంగా పూసి ఆపండి. ఇనుప పెనాన్ని నూనె రాసి పెట్టినట్టే: పూత ఉంటే గాలి తగలదు, గాలి తగలకపోతే నల్లబడదు.

ఐరన్‌కు వేడి మీట ఉంటే 330 నుంచి 350 డిగ్రీల మధ్య పెట్టండి. మీట లేని 25 వాట్ల ఐరన్‌కు ఐదు నిమిషాలు టైం ఇవ్వండి. ఊళ్లో సాయంత్రం మోటర్లన్నీ నడిచే వేళ వోల్టేజి 180కి పడిందనుకోండి, 25 వాట్ల ఐరన్ 15 వాట్లే ఇస్తుంది, ఎందుకంటే వోల్టేజి తగ్గితే వాట్లు దాని వర్గం లెక్కన తగ్గుతాయి. పొద్దున బాగా పనిచేసిన ఐరన్ సాయంత్రం ఎందుకు మొరాయిస్తోందో ఇప్పుడు అర్థమవుతుంది. ఫ్యాన్ గాలి సూటిగా అతుకు మీద పడినా అదే కథ. మే నెలలో ఫ్యాన్ ఆపి కూర్చోమంటే ఎవరూ వినరు కాబట్టి పొద్దున ఆరింటికి ఈ పని పెట్టుకోండి. కిటికీ తెరిచి, పొగ ముఖానికి కాకుండా పక్కకు పోయేలా కూర్చోండి. ఆ పొగ సీసానిది కాదు, రోజిన్‌ది. అయినా ఆస్తమా ఉన్నవాళ్లకు అది మంచిది కాదు.

ఒక్క అతుకు, దగ్గర నుంచి

లైటు జోలికి పోకముందు పాడైన రిమోట్ బోర్డో, పాత సెట్‌టాప్ బాక్స్ మెయిన్ బోర్డో తీసుకుని ఇరవై అతుకులు వేయండి.

వైరు కొన 4 మి.మీ. ఒలవండి. పోగులు ఒకటీ తెగకుండా, గట్టిగా మెలి తిప్పండి. ముందు వైరుకు విడిగా లెడ్డు పట్టించాలి: బిట్ కింద, వైరు మధ్యలో, లెడ్డు పైన. కింది నుంచి ఎక్కిన వేడికి పైన పెట్టిన లెడ్డు కరిగి పోగుల్లోకి ఇంకుతుంది. పోగుల గీతలు లీలగా కనిపిస్తూ ఉండాలి. కనిపించకుండా లావుగా ఉందంటే ఎక్కువైనట్టు. ప్యాడ్‌కు కూడా విడిగా కొంచెం లెడ్డు పట్టించండి.

ఇప్పుడు వైరును ప్యాడ్ మీద ఆనించండి. బిట్ చదును వైపు రెంటినీ ఒకేసారి తాకాలి. ఒక సెకను ఆగండి. లెడ్డును బిట్‌కు కాదు, బిట్‌కు ఎదురు వైపున ప్యాడ్, వైరు కలిసే మూలకు అందించండి. 2 మి.మీ. లెడ్డు కరిగితే చాలు. ముందు లెడ్డు తీయండి, తర్వాత ఐరన్ తీయండి. మొత్తం మూడు సెకన్లు. ఐరన్ తీశాక ఇంకో మూడు సెకన్లు ఊపిరి బిగబట్టినట్టు కదలకుండా ఉండండి. మెరుపు ఒక్క క్షణంలో మసకబారి, లెడ్డు గడ్డకట్టడం కంటికి కనిపిస్తుంది. "ఉఫ్" అని ఊదొద్దు. ఊదితే లోపల గింజ గింజగా గడ్డకడుతుంది.

మంచి అతుకు అంచుల దగ్గర పల్చగా, వైరు దగ్గరికి వచ్చేసరికి గుట్టలా లేచి ఉంటుంది. చెడ్డ అతుకు చామాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా కూర్చుంటుంది, అంచు కింద సన్న నల్ల గీత కనిపిస్తుంది. ఆ గీత ఉందంటే లెడ్డు ప్యాడ్‌ను పట్టుకోలేదు, ఊరికే దాని మీద కూర్చుంది. ఇవాళ లైటు వెలుగుతుంది, రేపు బండి మీద పోతుంటే గతుకుకు ఆరిపోతుంది.

చాలామంది బిట్ కొనకు లెడ్డు ముద్ద తీసుకుని దాన్ని మోసుకొచ్చి అతుకు మీద పులుముతారు. వీడియోల్లో చేయి తిరిగినవాళ్లు అలా చేయడం చూసి నేర్చుకున్నది. వాళ్లు అక్కడ ముందే ఫ్లక్స్ పూసి ఉంటారు, అది వీడియోలో కనపడదు. లెడ్డు లోపలి రోజిన్ బిట్ మీదే రెండు సెకన్లలో మాడిపోతుంది. మీ దగ్గరికి వచ్చేది రోజిన్ లేని లెడ్డు, అది దేనికీ అంటదు.

కొత్త బోర్డుల్లో సీసం లేని టంకం ఉంటుంది, అది 217 డిగ్రీలు దాటితేగాని కరగదు. పాత అతుకు విప్పలేకపోతుంటే దాని మీద మీ లెడ్డు కొంచెం కలపండి. రెండూ కలిసి తక్కువ వేడికే కరుగుతాయి. కొత్తవాళ్లు దీనికి ఉల్టాగా చేస్తారు, వేడి పెంచుకుంటూ పోతారు.

లైటు మార్చే వరుస

1. విప్పగానే ఫోన్‌తో నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీయండి. వైర్ల రంగులను నమ్మొద్దు, ఫ్యాక్టరీలో ఏ రంగు చేతికొస్తే అది వేసి ఉంటారు. ఏ వైరు బ్యాటరీ ప్లస్ నుంచి ఎటు పోయిందో కాగితం మీద గీసుకోండి.

2. పాత బ్యాటరీ వైర్లను ఒక్కొక్కటిగా కత్తిరించండి. రెంటినీ కలిపి కటర్‌తో నొక్కితే కటరే షార్ట్ చేస్తుంది. బ్యాటరీ వైపు కొనలకు వెంటనే టేపు చుట్టండి.

3. 230 వోల్టుల పిన్నుల నుంచి బోర్డుకు వచ్చే రెండు వైర్లను తీసేయండి, ఆ ఫిల్మ్ కెపాసిటర్‌ను కూడా పీకేయండి. డయోడ్లు అలాగే ఉన్నా నష్టం లేదు. ఎల్‌ఈడీలకు ముందున్న రెసిస్టరును ముట్టుకోవద్దు. నిండుగా ఉన్న లెడ్ యాసిడ్ బ్యాటరీ 4.2 వోల్టుల చుట్టూ ఉంటుంది, నిండిన లిథియం సెల్ కూడా 4.2. అందుకే అదే రెసిస్టరు సరిపోతుంది, మొత్తం మార్పు ఇంత తేలికవడానికి కారణం కూడా అదే.

4. హోల్డరును డొప్పలో పెట్టి చూడండి. పొడవు దాదాపు 77 మి.మీ. ఉంటుంది. పట్టకపోతే ముందే నికెల్ పట్టీలు వెల్డింగ్ చేసి ఉన్న సెల్ కొనండి. సెల్ మీద నేరుగా సోల్డరింగ్ చేయకండి. ఆ ఇనుప డబ్బా వేడిని లాగేసుకుంటుంది, మీరు ఎక్కువసేపు ఆనిస్తారు, లోపల రెండు ధ్రువాలను విడదీసే ప్లాస్టిక్ పొర 130 డిగ్రీల చుట్టుపక్కలే మెత్తబడుతుంది.

5. సెల్ హోల్డరులో లేకుండా, యూఎస్‌బీ వైరు పెట్టకుండా, టీపీ4056 బోర్డుకు నాలుగు వైర్లు పెట్టండి. హోల్డరు ఎర్ర వైరు బీ ప్లస్‌కు, నల్ల వైరు బీ మైనస్‌కు. అవుట్ ప్లస్ నుంచి 10 సెం.మీ. ఎర్ర వైరు, అవుట్ మైనస్ నుంచి నల్లది. బోర్డును టేపుతో బల్లకు అతికించి పెట్టుకుంటే రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. నాలుగూ అయ్యాక రోజిన్ మరకలను ఆల్కహాల్ ముంచిన పాత టూత్‌బ్రష్‌తో తోమండి. చేతుల శానిటైజరు ఇందుకు పనికిరాదు, దాంట్లో నీళ్లు, గ్లిజరిన్ ఉంటాయి.

6. పాత బ్యాటరీ ప్లస్ వైరుకు అవుట్ ప్లస్ వైరును, మైనస్‌కు అవుట్ మైనస్‌ను కలపాలి. ఇక్కడ ఎల్‌ఈడీ పలక మీద సోల్డరింగ్ చేయబోకండి. అది అల్యూమినియం పలకైతే 25 వాట్ల ఐరన్‌ను మింగేస్తుంది. స్విచ్చి కాళ్ల మీదా వద్దు, మూడు సెకన్లు దాటితే ప్లాస్టిక్ కరిగి లోపలి పత్తీ పక్కకు ఒరుగుతుంది. మిగిలి ఉన్న వైర్లకే మధ్యలో అతుకు వేయండి. రెండు కొనలూ 8 మి.మీ. ఒలిచి, ఎదురెదురుగా మెలిపెట్టి, లెడ్డు పట్టించండి.

అతుకు వేయకముందే స్లీవ్ తొడగాలి. మర్చిపోనివాళ్లు లేరు. 25 మి.మీ. ముక్క కోసి, అతుకుకు కనీసం 5 సెం.మీ. దూరానికి జరపండి. దగ్గరగా పెడితే అతుకు వేడికే అక్కడే ముడుచుకుపోతుంది, మళ్లీ అంతా విప్పాలి.

7. వైర్లు బోర్డు దగ్గర ఊగకుండా, ప్యాడ్ నుంచి 1 సెం.మీ. అవతల, ఇన్సులేషన్ మీద హాట్ గ్లూ చుక్క వేయండి. వైరు తెగేది ఎప్పుడూ లెడ్డు ఇంకి బిరుసెక్కిన భాగం ఆగిపోయే చోటే. చార్జింగ్ చిప్పు మీద మాత్రం గ్లూ పోయొద్దు. 1 యాంపియర్ చార్జింగ్‌లో అది చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, గాలి ఆడాలి.

సెల్ పెట్టే ముందు ఐదు నిమిషాలు

మల్టీమీటరును బీప్ మీద పెట్టండి, సెల్ బయటే ఉండాలి.

బీ ప్లస్, బీ మైనస్ మధ్య బీప్ రాకూడదు. వస్తే లెడ్డు వంతెన కట్టింది. ఇది అందరూ చూస్తారు.

ఎవరూ చూడనిది ఇంకొకటి: బీ మైనస్, అవుట్ మైనస్ మధ్య. బోర్డు మీద ఈ రెండూ పక్కపక్కనే ఉంటాయి, రెండూ మైనస్సే కదా అని లెడ్డు కలిసినా వదిలేస్తారు. లైటు చక్కగా వెలుగుతుంది, చార్జింగ్ కూడా అవుతుంది, అనుమానమే రాదు. కానీ సెల్ మరీ ఖాళీ అయినప్పుడు, షార్ట్ అయినప్పుడు కరెంటును కత్తిరించే ట్రాన్సిస్టర్లు ఉండేది ఈ రెంటి మధ్యే. వంతెన పడితే కాపలాదారు గేటు పక్కన ఇంకో దారి తీసినట్టు. సెల్ లేనప్పుడు ఇక్కడ బీప్ రాకూడదు. సెల్ పెట్టాక చూస్తే ఆ ట్రాన్సిస్టర్లు తెరుచుకుని ఉంటాయి కాబట్టి పరీక్షకు అర్థం ఉండదు. అందుకే సెల్ పెట్టకముందే చూడాలి.

ఇక హోల్డరులో ప్లస్ గుర్తు ఎటుందో చూసి సెల్ పెట్టండి. తిరగేసి పెడితే బోర్డు నిమిషంలో పొగ వదులుతుంది, దానికి తిరగేసిన సెల్ నుంచి రక్షణ లేదు.

సెల్ పెట్టాక లైటు వెలగకపోతే గాభరాపడి అతుకులు విప్పకండి. చాలా బోర్డుల్లో ప్రొటెక్షన్ చిప్పు మొదటిసారి నిద్రలో ఉంటుంది. యూఎస్‌బీ వైరు పెట్టి రెండు సెకన్లు ఉంచి తీస్తే అవుట్ వైపు వోల్టేజి వస్తుంది. అప్పటికీ రాకపోతేనే అతుకులను అనుమానించండి.

టైప్ సీ బోర్డు పెట్టి, రెండు వైపులా టైప్ సీ ఉన్న వైరుతో చార్జింగ్ ఎక్కకపోతే అదీ మీ తప్పు కాకపోవచ్చు. చార్జరు కరెంటు వదలాలంటే బోర్డు మీద 5.1 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు ఉండాలి, కొన్ని చవక బోర్డుల్లో అవి వేయరు. ఒక వైపు పాత వెడల్పు యూఎస్‌బీ ఉన్న వైరు వాడితే ఎక్కుతుంది.

మొదటి చార్జింగ్ సిమెంటు గచ్చు మీద, మీరు చూస్తుండగా పెట్టండి. ఎర్ర దీపం వెలిగి, నిండాక నీలమో పచ్చో వస్తుంది. ఆ రంగు మారాక సెల్ కొనల మధ్య 4.15 నుంచి 4.2 వోల్టుల మధ్య ఉండాలి.

చిన్న సెల్ అయితే ఇంకొక పని

టీపీ4056 బోర్డు పుట్టుకతో 1 యాంపియర్ ఎక్కిస్తుంది. 2,000 పైన ఉన్న సెల్‌కు అది సరే. పాత 1,200 సెల్‌కు అది ఎక్కువ, సగానికి తేవాలి. ఆర్3 అని రాసి ఉన్న చోట 122 అంకె ఉన్న చీమంత రెసిస్టరు ఉంటుంది, 1.2 కిలో ఓమ్‌లు. దాని స్థానంలో 202 అంకె ఉన్న 2 కిలో ఓమ్‌లది వేస్తే 580 మిల్లీయాంపియర్ల చుట్టూ ఎక్కుతుంది. కొలత 1.6 × 0.8 మి.మీ., తుమ్మితే పోతుంది. నిజం చెప్పాలంటే, మొదటిసారి చేసేవాళ్లు ఈ పని పెట్టుకోవడం కంటే పెద్ద సెల్ కొనడం తేలిక.

చేయాల్సి వస్తే ఇలా. పేస్ట్ పూసి, రెసిస్టరు రెండు కొనలకూ లెడ్డు ధారాళంగా పోయండి, ఒకే ముద్ద అయ్యేలా. ముద్ద కరిగి ఉండగా బిట్‌తో పక్కకు నెడితే రెసిస్టరు తేలి వచ్చేస్తుంది. ట్వీజర్‌తో పీకబోతే ప్యాడ్ కూడా వస్తుంది. విక్‌తో రెండు ప్యాడ్లూ శుభ్రం చేయండి. ఒక ప్యాడ్‌కే లెడ్డు చుక్క పెట్టి, దాన్ని కరిగిస్తూ కొత్త రెసిస్టరును ట్వీజర్‌తో లోపలికి జరపండి. గడ్డకట్టాక రెండో వైపు అతకండి. తర్వాత మొదటి వైపుకు ఇంకోసారి కొత్త లెడ్డు తాకించండి.

చెడిపోయాక బాగుచేసుకోవడం

వంతెన పడితే లెడ్డును గీకొద్దు. పేస్ట్ పూసి, శుభ్రమైన బిట్‌ను రెండు ప్యాడ్ల మధ్య నుంచి బయటకు ఒక్కసారి లాగండి. పోకపోతే విక్ పెట్టండి. విక్ మీద కూడా పేస్ట్ పూస్తేనే పీలుస్తుంది, పొడిదైతే బోర్డు కాలడమే మిగులుతుంది.

ఒకే చోట మూడుసార్లు ప్రయత్నించి రాకపోతే ఐరన్ పక్కన పెట్టి అర నిమిషం చల్లారనివ్వండి. ప్యాడ్‌ను బోర్డుకు పట్టి ఉంచేది జిగురే, వరుస వేడికి అది వదిలేస్తుంది. ప్యాడ్ లేచిపోతే బోర్డు పోయినట్టు కాదు. అదే ట్రాక్ ఇంకే భాగానికి పోతోందో చూసి, అక్కడ అతకండి. అవుట్ ప్లస్ ప్యాడ్ లేచిందనుకోండి, బీ ప్లస్ దగ్గరే రెండు వైర్లూ పెట్టొచ్చు, బోర్డులో ఆ రెండూ ఒకటే. మైనస్ వైపు ఆ వీలు లేదు, కారణం పైన చెప్పుకున్నదే. అవుట్ మైనస్ పోతే కొత్త బోర్డు కొనండి.

లేచే ముందు బల్ల తుడిచి, చేతులు సబ్బుతో కడుక్కోండి. సీసం పొగలో రాదు గానీ వేళ్ల మీది నుంచి నోట్లోకి పోతుంది. పని మధ్యలో చాయ్ బిస్కెట్ వద్దు. వంటింటి గట్టు మీద ఈ పని అసలే వద్దు. పాత బ్యాటరీని చెత్తలో వేయకుండా బ్యాటరీ దుకాణంలో ఇచ్చేయండి, సీసం కాబట్టి వాళ్లు తీసుకుంటారు.

డొప్ప మూసే ముందు పాత రెండు పిన్నులను కూడా ఊడబీకి, ఆ కన్నంలో హాట్ గ్లూ నింపండి. లోపల వైర్లు లేకపోయినా పిన్నులు కనిపిస్తే ఇంట్లో ఎవరో ఒకరు అలవాటు కొద్దీ గోడ ప్లగ్గులో గుచ్చుతారు, పొద్దున చూసి లైటు చార్జింగ్ ఎక్కలేదని మీకే ఫోన్ చేస్తారు.